దగ్గు లేని రోజుల్లోనూ మందు ఎందుకు? పిల్లల ఉబ్బసంపై మీ ప్రశ్నలకు వైద్యుల సమాధానాలు

వానలు వెనుకబట్టి చలి మొదలయ్యే ఈ కాలంలో ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాల నుంచి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పిల్లల దగ్గు, ఆయాసం గురించే ఉన్నాయి. అందువల్ల ఈ నెల మిగిలిన విషయాలను పక్కన ఉంచి, వాటిలో కొన్నింటికి వివరంగా సమాధానాలు ఇస్తున్నాము. పేర్లు ప్రచురించవద్దని కొందరు కోరినందున ఎవరి పేరూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఆరేళ్ళు. రెండో ఏటి నుంచి ఏ జలుబు చేసినా రెండు రోజుల్లో ఛాతీలోకి దిగి పిల్లికూతలు మొదలవుతున్నాయి. తెల్లవారుజామున దగ్గుతో లేచి కూర్చుంటాడు, పగలు మామూలుగా ఆడుకుంటాడు. ఒక డాక్టరుగారు ఎలర్జిక్ బ్రాంకైటిస్ అన్నారు, మరొకరు ఉబ్బసం అన్నారు, ఇంకొకరు నెమ్ము చేసిందని యాంటీబయాటిక్ రాశారు. ఎక్స్‌రే బాగానే ఉంది. అసలు జబ్బు ఏమిటో ఎలా తేలుతుంది?
– ఒక తల్లి, బరంపురం

జవాబు: అమ్మా, మీరు రాసిన ఈ కొద్ది వాక్యాలలోనే నిర్ధారణకు కావలసిన సమాచారం చాలావరకు ఉంది. ఊపిరితిత్తులలోకి గాలిని తీసుకుపోయే సన్నని గొట్టాల లోపలి పొర దీర్ఘకాలం వాచి ఉండటమే ఉబ్బసానికి మూలం. ఆ వాపు వల్ల అవి జలుబుకో, పొగకో, దుమ్ముకో, చల్లగాలికో, పరుగుకో అతిగా స్పందిస్తాయి. చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని, లోపల జిగట కఫం ఊరి, గాలి దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులోనుంచి గాలి బయటికి వచ్చేటప్పుడు వినిపించేదే పిల్లికూత. అయితే ఈ ఇరుకు ఎప్పుడూ ఒకేలా ఉండదు. మందుతోనో, దానంతట అదేనో విడిపోతుంది, మళ్ళీ వస్తుంది. రాత్రి ఆయాసపడిన బిడ్డను మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రికి తీసుకువెళితే స్టెతస్కోపుకు ఏమీ వినిపించకపోవడానికి కారణం అదే. ఎక్స్‌రే కూడా ఉబ్బసం ఉన్న పిల్లలలో చాలామందికి మామూలుగానే ఉంటుంది. దానిని తీయించేది ఉబ్బసాన్ని పట్టుకోవడానికి కాదు, వేరే జబ్బు లేదని చూసుకోవడానికి.

కాబట్టి డాక్టరుకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేది తల్లిదండ్రులు చెప్పే వివరమే. దగ్గు ఏ వేళ వస్తోంది, ఏ నెలల్లో ఎక్కువవుతోంది, పరుగెత్తినా పకపకా నవ్వినా వస్తోందా, ఆవిరి మందు (నెబ్యులైజర్) పెట్టిన ఎంతసేపటికి తగ్గింది అనే విషయాలను ఒక నోటుపుస్తకంలో తేదీలతో రాసి ఉంచండి. ఆయాసం వచ్చినప్పుడు చొక్కా విప్పి, ఛాతీ, డొక్కలు కనిపించేలా, శబ్దం వినిపించేలా అర నిమిషం పాటు ఫోనులో వీడియో తీయండి. ఇంట్లో పిల్లికూత అనుకునేది కొన్నిసార్లు ముక్కు దిబ్బడ శబ్దమో, గొంతులో గురగురో అయి ఉంటుంది. వీడియో చూస్తే ఆ తేడా డాక్టరుకు తెలిసిపోతుంది. బాబుకు చిన్నప్పుడు మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనుక ఎండు దురద మచ్చలు ఉండేవా, పొద్దున్నే వరుసగా తుమ్ములు వస్తాయా, తల్లిదండ్రులలో ఎవరికైనా ఉబ్బసమో ఎలర్జీయో ఉందా అన్నవి కూడా తప్పక చెప్పండి. వీటిలో ఒకటి రెండు ఉన్నా ఉబ్బసమే అన్న అనుమానం బలపడుతుంది.

ఆరేళ్ళ బిడ్డ గట్టిగా ఊదగలడు కాబట్టి స్పైరోమెట్రీ పరీక్ష చేయించవచ్చు. ముందు ఒకసారి ఊదించి, గొట్టాలను వదులు చేసే సాల్బుటమాల్ మందు పీల్పించి, పావుగంట తరువాత మళ్ళీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి 12 శాతానికి మించి పెరిగితే ఉబ్బసానికి అది గట్టి ఆధారం. బాగున్న రోజున చేస్తే పరీక్ష మామూలుగా రావచ్చు. అంతమాత్రాన ఉబ్బసం లేదని తేల్చకూడదు. బరంపురంలోని ఎం.కె.సి.జి. వంటి బోధనాసుపత్రికి వెళ్ళేటప్పుడు పిల్లలకు ఈ పరీక్ష ఏ రోజు చేస్తారో ముందే కనుక్కుంటే ఒక ప్రయాణం మిగులుతుంది. పరీక్షకు వీలు కాని చోట పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న ప్లాస్టిక్ గొట్టంలో రెండు వారాల పాటు ఉదయం, సాయంత్రం ఊదించి అంకెలు రాస్తారు. ఉదయానికీ సాయంత్రానికీ మధ్య తేడా సగటున 13 శాతం దాటితే అదీ ఒక ఆధారమే.

ఐదేళ్ళలోపు పిల్లల విషయం వేరు. వారిచేత ఈ పరీక్షలు చేయించడం కష్టం; పైగా జలుబు చేసినప్పుడు మాత్రమే పిల్లికూతలు వచ్చి, పెరిగేకొద్దీ పూర్తిగా మానిపోయేవారు వారిలో చాలామంది ఉంటారు. అటువంటప్పుడు రెండు మూడు నెలలు గొట్టాల వాపు తగ్గించే నియంత్రణ మందు పీల్పించి, తగ్గితే ఆపి, తిరిగి వస్తుందేమో చూసి నిర్ణయిస్తారు.

ఉబ్బసంలా కనిపించే వేరే జబ్బులను మన ప్రాంతంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఆడుకుంటూ వేరుసెనగ గింజ తింటున్న రెండేళ్ళ బిడ్డకు ఒక్కసారిగా పొలమారి, ఆనాటి నుంచి దగ్గు పట్టుకుంటే గింజ గొట్టంలో ఇరుక్కుందేమోనని వెంటనే చూపించాలి. రెండు వారాలు దాటిన దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, ఇంట్లో క్షయ రోగి ఉండటం వంటివి ఉంటే క్షయ పరీక్షలు చేయించాలి. గంజాం తీరం బోదకాలు ఉన్న ప్రాంతం. ఆ ఫైలేరియా క్రిములకు ఊపిరితిత్తులు స్పందించడం వల్ల రాత్రి దగ్గు, పిల్లికూతలు వచ్చే జబ్బు ఒకటి ఉంది. అది పెద్దవారిలోనే ఎక్కువ, అయినా రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకు 3000 దాటితే దానిని దృష్టిలో ఉంచుకోవాలి, ఎందుకంటే దాని మందు వేరు. దక్షిణ, పశ్చిమ ఒడిశాలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది. ఆ జబ్బు ఉన్న బిడ్డకు జ్వరంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే ఉబ్బసమని ఇంట్లో మందు పీల్పిస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇవేవీ లేకుండా, మీరు రాసినట్టు వస్తూ పోతూ, రాత్రి ఎక్కువై పగలు తగ్గే పిల్లికూతలు నాలుగేళ్ళుగా ఉంటే అది ఉబ్బసం కావడానికే అవకాశం ఎక్కువ. ఆ మాట చెబితే తల్లిదండ్రులు కంగారుపడతారని మెత్తని పేర్లు వాడి, దగ్గు సిరప్పులతో, యాంటీబయాటిక్‌లతో ఏళ్ళు గడపడం వల్ల నష్టపోయేది బిడ్డే.

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్ళు. ఉబ్బసమని రెండు పంపులు (ఇన్‌హేలర్లు) రాశారు. ఒకటి రోజూ, ఒకటి అవసరమైనప్పుడు వాడమన్నారు. నెల తిరిగేసరికి దగ్గు పూర్తిగా పోయింది కాబట్టి మానేశాము. రెండు నెలల తరువాత మళ్ళీ తీవ్రంగా వచ్చి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. పంపుకు అలవాటు పడిపోతుందని, అందులో స్టెరాయిడ్ ఉండటం వల్ల ఎదగదని, ఆడపిల్లకు ఇవి మంచివి కావని ఇంట్లో పెద్దలు అంటున్నారు. సిరప్‌తో సరిపెట్టుకోకూడదా?
– ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: మీ ఇంట్లో పెద్దల భయం బిడ్డ మీద ప్రేమతో వచ్చినదే. అందుకే ఒక్కొక్క మాటకూ విడిగా సమాధానం చెబుతాను.

మీకు ఇచ్చిన రెండు పంపులూ ఒకటి కావు. సాల్బుటమాల్ బిగుసుకున్న కండరాలను నిమిషాలలో వదులు చేస్తుంది, నాలుగైదు గంటలు పనిచేస్తుంది, గొట్టాల లోపలి వాపును మాత్రం తగ్గించదు. బ్యుడెసొనైడ్ వంటి నియంత్రణ మందు, అంటే పీల్చే స్టెరాయిడ్, ఆ వాపును తగ్గిస్తుంది. దాని ఫలితం కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలలో తెలుస్తుంది. దగ్గు పోయిన నెలరోజులూ పాప బాగున్నది ఆ రెండో మందు పనిచేస్తున్నందువల్లే. అది ఆపగానే వాపు నెమ్మదిగా తిరిగి వచ్చింది, తరువాతి జలుబు దానిని బయటపెట్టింది. జ్వరానికి వేసే మాత్ర జ్వరం తగ్గగానే మానేయవచ్చు. ఈ మందు విషయం అలా కాదు. కనీసం మూడు నెలలు ఏ లక్షణమూ లేకుండా గడిచిన తరువాత డాక్టరు మోతాదును మెట్టు మెట్టుగా తగ్గించి, వీలైతే ఆపుతారు. మీ అంతట మీరు ఆపవద్దని ప్రార్థన.

స్టెరాయిడ్ గురించిన భయానికి ఒక లెక్క చెబుతాను. పాప వయసు పిల్లలకు తక్కువ మోతాదు అంటే రోజుకు 100 నుంచి 200 మైక్రోగ్రాముల బ్యుడెసొనైడ్. అదే ఉబ్బసం తీవ్రమై ఆసుపత్రికి వెళితే 20 కిలోల బిడ్డకు ప్రెడ్నిసొలోన్ అనే నోటి స్టెరాయిడ్ రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఐదు రోజులు ఇచ్చారనుకోండి, మొత్తం 100 మిల్లీగ్రాములు అవుతుంది. రోజుకు 200 మైక్రోగ్రాముల చొప్పున పీల్చే మందు 100 మిల్లీగ్రాములు కావడానికి 500 రోజులు పడుతుంది. రెండూ వేర్వేరు మందులు కాబట్టి ఇది కచ్చితమైన తూకం కాదు, కానీ ఏది శరీరం మీద ఎక్కువ భారం మోపుతుందో తెలుసుకోవడానికి చాలు. పీల్చే స్టెరాయిడ్ వల్ల మొదటి ఒకటి రెండు సంవత్సరాలలో ఎదుగుదల స్వల్పంగా మందగించే మాట వాస్తవమే. పూర్తిగా ఎదిగిన తరువాత ఆ తేడా సుమారు ఒక సెంటీమీటరు ఉంటుందని దీర్ఘకాల పరిశీలనలు చెబుతున్నాయి. అదుపులో లేని ఉబ్బసం కూడా ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రాత్రుళ్ళు నిద్రలేని, నెలకొకసారి బడి మానే బిడ్డ ఎదుగుదల గురించి ఇంట్లో ఎవరూ లెక్క వేయరు. ఆరు నెలలకొకసారి పాప ఎత్తు కొలిపించి రాయించుకోండి, భయం దానంతట అదే తగ్గుతుంది.

పంపు వ్యసనం కాదు. ఆడపిల్లకు ఒక మందు, మగపిల్లవాడికి ఒక మందు అనేది ఈ జబ్బులో లేదు. పెళ్ళి మాట తలచుకుని బిడ్డకు ఊపిరి మందు దాచిపెట్టవలసిన పరిస్థితి ఏ ఇంట్లోనూ రాకూడదని నా కోరిక.

సిరప్ గురించి అడిగారు. నోటి ద్వారా ఇచ్చే సాల్బుటమాల్ రక్తంలో కలిసి శరీరమంతా తిరుగుతుంది కాబట్టి గుండె దడ, చేతుల వణుకు ఎక్కువగా, ఛాతీలో ఫలితం తక్కువగా, ఆలస్యంగా ఉంటుంది. ఉబ్బసానికి నోటి ద్వారా ఇచ్చే థియోఫిలిన్ రకం మందుల విషయంలో పనిచేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. ఊరిలో ఎవరైనా "ఒక్క సూది వేస్తే తగ్గిపోతుంది" అని తరచుగా ఇస్తుంటే అందులో ఏ మందు ఉందో అడిగి రాయించుకోండి; చాలాసార్లు అది పెద్ద మోతాదు స్టెరాయిడే.

ఇక మందు ఎలా పీల్పిస్తున్నారో చూడాలి, ఎందుకంటే మందు పనిచేయడం లేదని వచ్చేవారిలో ఎందరికో అసలు మందు ఛాతీకి చేరడమే లేదు. పంపును నేరుగా నోట్లో పెట్టి నొక్కితే మందులో అధిక భాగం గొంతుకు తగిలి ఆగిపోతుంది. దానికి స్పేసర్ అనే గొట్టం తగిలించాలి. పంపును బాగా ఊపి, స్పేసర్‌కు అమర్చి, నోటిచుట్టూ గాలి పోకుండా పెదవులు బిగించి, ఒక్కసారి మాత్రమే నొక్కి, నెమ్మదిగా ఐదారు శ్వాసలు తీసుకోనివ్వాలి. రెండో నొక్కు కావాలంటే అర నిమిషం ఆగి మళ్ళీ పంపు ఊపి మొదటి నుంచి చేయాలి. నాలుగేళ్ళలోపు పిల్లలకు ముక్కు, నోరు కప్పే మాస్కు అవసరం. ఏడుస్తున్న బిడ్డ లోపలికి మందు సరిగా పోదు కాబట్టి బుజ్జగించి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇవ్వాలి. నియంత్రణ మందు తరువాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. స్పేసర్‌ను తేలికపాటి సబ్బునీటిలో ముంచి తీసి గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌కు విద్యుదావేశం వచ్చి మందు గోడలకు అంటుకుపోతుంది.

స్పేసర్ కొనలేని కుటుంబాలకు ఒక మాట. 500 మిల్లీలీటర్ల ఖాళీ ప్లాస్టిక్ సీసా అడుగున పంపు మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి, సందులు మూసి వాడితే కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసినట్టు దక్షిణాఫ్రికా వైద్యుల పరిశోధన 1999లో ప్రచురితమైంది. దానిని మీ డాక్టరుకు ఒకసారి చూపించి వాడండి. సాల్బుటమాల్, బ్యుడెసొనైడ్ పంపులు రెండూ దేశ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. ప్రభుత్వాసుపత్రి మందుల కౌంటరులో, జన ఔషధి దుకాణంలో అడగండి.

ప్రశ్న: మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్ళి మనవడికి చేప మందు మింగిస్తే శాశ్వతంగా నయమవుతుందని మా బంధువులు చెబుతున్నారు. వెళ్ళమంటారా?
– ఒక నాయనమ్మ, గుణుపురం

జవాబు: చేప మందు ఉబ్బసాన్ని నయం చేస్తుందని చూపిన శాస్త్రీయ ఆధారం లేదు. జూన్ నెలలో రద్దీలో గంటల తరబడి నిలబడటం, బతికి ఉన్న చేపపిల్లను చిన్నపిల్లల చేత మింగించడం, పొలమారే అవకాశం, చేప ఎలర్జీ ఉంటే కలిగే ప్రమాదం ఇవన్నీ ఆలోచించవలసినవే. పిల్లలలో చాలామందికి యుక్తవయసు వచ్చేసరికి ఉబ్బసం దానంతట తగ్గుముఖం పడుతుంది; ఆ తగ్గుదల ఏ ప్రయాణం తరువాత వస్తే దాని ఖాతాలో పడుతుంది. మీ విశ్వాసాన్ని నేను కాదనను, నాయనమ్మగారూ. వెళ్ళినా వెళ్ళకపోయినా డాక్టరు రాసిన పంపును మాత్రం ఒక్క రోజు కూడా ఆపవద్దు. పేరు, వివరం లేకుండా పొట్లాలలో కట్టి ఇచ్చే నల్ల మాత్రలు, పొడులు ఎవరిచ్చినా పెట్టవద్దు. వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉన్న సందర్భాలు వైద్యులందరికీ తెలుసు.

ప్రశ్న: మాది సముద్రం ఒడ్డున ఊరు. తుఫానులకు తడిసిన గోడలు ఏడాదంతా చెమ్మగానే ఉంటాయి. వంట గ్యాస్ ఉన్నా నీళ్ళు కాచడానికీ, అన్నానికీ కట్టెల పొయ్యే. దోమలకు కాయిల్ వెలిగిస్తాము, సాయంత్రం సాంబ్రాణి వేస్తాము. మా అత్తగారు అడ్డపొగ (చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) తాగుతారు, పిల్లవాడు రాత్రి ఆవిడ దగ్గరే పడుకుంటాడు. ఇన్నిటిలో దేనిని మానాలి? అన్నీ మానడం మా వల్ల కాదు.
– ఒక పాఠకురాలు, గోపాలపురం దగ్గర, గంజాం జిల్లా

జవాబు: అన్నీ మానలేమని నిజాయితీగా రాసినందుకు సంతోషం. ఇంట్లో చేయవలసిన మార్పుల జాబితా చేతిలో పెట్టి పంపించే అలవాటు మా వైద్యులకు ఉంది. దానివల్ల తల్లి మీద భారం పెరగడమే తప్ప బిడ్డకు పెద్దగా ఒరగదు. కాబట్టి వరుస చెబుతాను.

మొదట పొగ. పొగ ఏ బిడ్డ ఊపిరి గొట్టాలకైనా హాని చేస్తుంది, దానికి ఎలర్జీ ఉండవలసిన అవసరం లేదు. వాటిలోనూ ముందు చుట్ట పొగ. అత్తగారిని తప్పుపట్టకుండా, మనవడి ఊపిరి కోసమని డాక్టరు చేతనే చెప్పించండి. ఆ వయసులో అలవాటు మానడం ఎంత కష్టమో నాకు తెలుసు. మానలేకపోతే ఇంటి బయట, గాలి పోయే చోట తాగి, నోరు కడుక్కుని, పైచీర మార్చుకుని పిల్లవాడిని దగ్గరికి తీసుకోవాలని, పడక మాత్రం వేరుగా ఉండాలని కోరండి. బట్టలకు, జుట్టుకు పట్టిన పొగ కూడా రాత్రంతా బిడ్డ ముక్కు దగ్గరే ఉంటుంది. అడ్డపొగ వల్ల అంగిట్లో పుండ్లు, క్యాన్సర్ రావడం మన తీరంలో వైద్యులు దశాబ్దాలుగా చూస్తున్నదే కాబట్టి ఆవిడకు కూడా ఒకసారి నోటి పరీక్ష చేయించండి.

తరువాత దోమల కాయిల్. మూసిన గదిలో ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని పొగ రేణువుల బరువు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినదానితో సమానమని 2003లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. దోమతెర కడితే మలేరియా, బోదకాలు బాధ కూడా తప్పుతుంది. సాంబ్రాణి దేవుడి గదిలో ఎంతోసేపు ఉండనవసరం లేదు. పిల్లవాడు బయట ఆడుకునే వేళ వేసి, కిటికీలు తెరిచి, పొగ పోయిన తరువాత లోపలికి రానివ్వండి. కట్టెల పొయ్యిని పెరట్లోకి మార్చగలిగితే, కనీసం బిడ్డను వంట వేళ దానికి దూరంగా ఉంచగలిగితే అదే పెద్ద మేలు. జీడిపిక్కలు కాల్చే బట్టీల దగ్గర, వేసవి మొదట్లో పోడు కోసం కొండలు కాల్చే గ్రామాలలో ఉండేవారు ఆ రోజుల్లో పిల్లల నియంత్రణ మందు తప్పిపోకుండా మరింత జాగ్రత్త పడాలి.

చెమ్మ రెండో సంగతి. 2013 నాటి ఫైలిన్, 2018 నాటి తిత్లీ తుఫానుల తరువాత గోడలకు పట్టిన నల్లని బూజును ఇంకా అలాగే వదిలేసిన ఇళ్ళు మన జిల్లాలలో ఉన్నాయి. బూజును పొడిగా గీకితే గాలిలోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, పైకప్పు కారే చోటు బాగుచేయించి, ఆ తరువాతే సున్నం వేయించాలి. ఆ పని జరుగుతున్న రోజు పిల్లవాడిని పొరుగింట్లో ఉంచండి. చెమ్మ ఉన్న చోట దూది పరుపుల్లో, బొంతల్లో కంటికి కనిపించని దుమ్ము పురుగులు పెరుగుతాయి. దుప్పట్లు, తలగడ గలీబులు వారానికొకసారి బాగా కాగిన నీటిలో నానబెట్టి ఉతికి, పరుపును గట్టి ఎండలో పెట్టి, చీపురుకు బదులు తడిగుడ్డతో నేల తుడిస్తే సరిపోతుంది. ఖరీదైన గాలి శుద్ధి యంత్రాలు కొనమని నేను చెప్పను.

ఇంత చేసినా పిల్లలకు ఉబ్బసం రేగడానికి అన్నిటికంటే సాధారణ కారణం జలుబు వైరస్‌లే. ఏడాదికొకసారి ఇన్‌ఫ్లుయెంజా టీకా గురించి మీ పిల్లల డాక్టరును అడగండి.

ప్రశ్న: మా బాబుకు ఉబ్బసంతోపాటు ఎప్పుడూ ముక్కు దిబ్బడ, తుమ్ములు. ఒక ల్యాబ్‌లో రక్త పరీక్ష చేయించి, చాలా వస్తువులకు ఎలర్జీ ఉందని పెద్ద జాబితా ఇచ్చారు. దాని ప్రకారం పాలు, గుడ్డు, గోధుమ, కంది పప్పు, అరటిపండు, వంకాయ, రొయ్య అన్నీ మాన్పించాము. ఆయాసం తగ్గలేదు, బరువు మాత్రం తగ్గాడు.
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ఆ జాబితాను పక్కన పెట్టి, ఇంతకు ముందు బాబు ఏ బాధా లేకుండా తిన్నవన్నీ డాక్టరు సలహాతో మళ్ళీ పెట్టడం మొదలుపెట్టండి. రక్తంలో ఐజీఈ అనే ఎలర్జీ ప్రతిరక్షకం కనిపించడం వేరు, దానివల్ల జబ్బు రావడం వేరు. తిని హాయిగా ఉన్న పదార్థానికి కూడా పరీక్షలో ఎలర్జీ ఉన్నట్టు రావచ్చు. ఐజీజీ అనే మరో రకం ప్రతిరక్షకం పేరుతో ఆహార ఎలర్జీ తేల్చే పరీక్షలకైతే విలువే లేదు. ఆహారం వల్ల ఉబ్బసం ఒక్కటే రావడం అరుదు. నిజమైన ఆహార ఎలర్జీలో తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటలలోపు ఒంటిమీద దద్దుర్లు, పెదవులు వాయడం, వాంతి, ఆయాసం వంటివి కలిసి వస్తాయి, తిన్న ప్రతిసారీ వస్తాయి. రొయ్యలు తిన్నప్పుడు ఇలా ఎప్పుడైనా జరిగిందా అన్నది మాత్రం జాగ్రత్తగా గుర్తుచేసుకోండి. రొయ్యలలోని ఒక మాంసకృత్తు దుమ్ము పురుగులలో, బొద్దింకలలో ఉన్నదానిని పోలి ఉంటుంది కాబట్టి దుమ్ము ఎలర్జీ ఉన్నవారి పరీక్షలో రొయ్య కూడా కనిపించడం సాధారణం. చద్దన్నం, పెరుగు, అరటిపండు "చలవ" అని మాన్పించవలసిన పని లేదు.

బాబుకు ముక్కు వైద్యం సరిగా జరిగిందా అన్నదే నా అనుమానం. ముక్కు, ఊపిరి గొట్టాలు ఒకే దారిలోని రెండు భాగాలు. ముక్కు ఎలర్జీని వదిలేస్తే ఉబ్బసం అదుపులోకి రావడం కష్టం. అరచేత్తో ముక్కును పైకి తోసుకుంటూ ఉండటం, ముక్కు మీద అడ్డంగా గీత పడటం, కళ్ళ కింద నలుపు, నోరు తెరిచి నిద్రపోవడం దానికి గుర్తులు. ఉప్పునీటి చుక్కలతో ముక్కు కడగడం, డాక్టరు రాసిన స్టెరాయిడ్ స్ప్రేను వారాల తరబడి రోజూ వాడటం దానికి ప్రధాన వైద్యం. స్ప్రేను ముక్కు మధ్య గోడవైపు కాకుండా చెవివైపు తిప్పి కొట్టాలి, లేకపోతే నెత్తురు వస్తుంది.

ఎలర్జీకి, ఉబ్బసానికి ఇచ్చే మాంటెలుకాస్ట్ అనే మందు కలిసిన సిరప్ చాలా ఇళ్ళలో నెలల తరబడి నడుస్తోంది. దానివల్ల కొందరు పిల్లలలో పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పులు వస్తున్నందున అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను జోడించింది. బాబు వాడుతుంటే, అటువంటి మార్పులు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. ఏ ఎలర్జీయో నిజంగా తెలుసుకోవలసి వస్తే, అంటే సరైన మందు సరిగా వాడినా అదుపు రాకపోతే, అప్పుడు ఎలర్జీ నిపుణుల దగ్గర చర్మం మీద చేసే పరీక్షను నాలుగైదు అనుమానిత వస్తువులకే చేయించాలి.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిని. మా బడిలో నాలుగో తరగతి చదివే ఒక అమ్మాయికి ఉబ్బసం. ఆటల గంటలో కూర్చోబెట్టమని తల్లిదండ్రులు చెప్పారు. ఒకసారి బడిలోనే ఆయాసం వస్తే మాకు ఏమి చేయాలో తోచలేదు. మందు మేము ఇవ్వవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, రాయగడ జిల్లా

జవాబు: ఇవ్వవచ్చు, ఇవ్వాలి, అందుకు తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతి, డాక్టరు రాసిన కాగితం మీ దగ్గర ఉండాలి. ఆయాసం వచ్చినప్పుడు పాపను పడుకోబెట్టకుండా కొద్దిగా ముందుకు వంగి కూర్చోనివ్వండి. గుంపును దూరంగా పంపి, కంగారు చూపకుండా సాల్బుటమాల్ పంపును స్పేసర్‌తో పీల్పించండి. మోతాదు కాగితంలో ఉన్నదే పాటించాలి. ఈ వయసు పిల్లలకు సాధారణంగా 100 మైక్రోగ్రాముల నొక్కులు నాలుగు, ఒకదాని తరువాత ఒకటిగా, ప్రతిదానికీ ఐదారు శ్వాసల చొప్పున ఇస్తారు. 20 నిమిషాలలో తేలిక పడకపోతే మళ్ళీ అదే మోతాదు ఇస్తూ ఆసుపత్రికి బయలుదేరండి. స్పేసర్‌తో పీల్చిన మందు, మరీ తీవ్రం కాని ఆయాసంలో, ఆసుపత్రిలో పెట్టే ఆవిరి మందుకు తీసిపోదు. ఆసుపత్రి చేరేవరకు చేతిలో మందు లేకుండా ఘాట్ రోడ్డు మీద గంట ప్రయాణం చేయడమే అసలు ప్రమాదం.

పాప ఒక వాక్యం పూర్తిగా చెప్పలేక మాట మాటకూ ఆగుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, గొంతు కింద గుంట పడుతున్నా, పెదవులు నీలంగా మారినా, మగతగా వాలిపోతున్నా 20 నిమిషాలు ఎదురు చూడకండి, మందు ఇస్తూనే 108కి ఫోను చేయండి. ఇంతసేపూ వినిపించిన పిల్లికూత ఉన్నట్టుండి ఆగిపోయి, బిడ్డ మాత్రం ఇంకా అవస్థ పడుతూ ఉంటే తగ్గిందని పొరబడవద్దు. గాలి లోపలికి వెళ్ళడమే తగ్గిపోయినప్పుడు కూత కూడా వినిపించదు.

ఆటల గంటలో కూర్చోబెట్టడం మాత్రం సరికాదు. అదుపులో ఉన్న ఉబ్బసంతో పిల్లలు అందరిలాగే పరుగెత్తగలరు, పరుగెత్తాలి. మొదట పది నిమిషాలు నెమ్మదిగా ఒళ్ళు వేడెక్కించండి. డాక్టరు చెబితే ఆటకు పావుగంట ముందు సాల్బుటమాల్ ఇవ్వండి. అయినా ఆటలో ప్రతిసారీ దగ్గు వస్తుంటే, వారానికి రెండుసార్లకు మించి ఆ మందు అవసరమవుతుంటే, రాత్రి నిద్ర చెడుతుంటే రోజూ వాడే మందు చాలడం లేదని అర్థం. ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పగలిగే స్థానంలో ఉన్నది మీరే, ఎందుకంటే పగలు ఎక్కువసేపు పాపను చూసేది మీరు.

ఈ సరిహద్దు జిల్లాలలో మరొక చిక్కు ఉంది. కొందరు కొరాపుట్‌లో, కొందరు బరంపురంలో, మరికొందరు శ్రీకాకుళంలోనో విశాఖపట్నంలోనో చూపించుకుంటారు. మందుల చీటీ ఒక భాషలో, బడి రిజిస్టరు మరొక భాషలో, ఇంట్లో బామ్మ చదివేది ఇంకొక భాషలో ఉంటాయి. పాపకు ఏ రంగు పంపు రోజూ, ఏ రంగు పంపు ఆయాసంలో, ఎన్ని నొక్కులు, ఎవరికి ఫోను చేయాలి అన్న నాలుగు విషయాలను ఒకే కాగితం మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాయించి, డాక్టరు సంతకం పెట్టించి, ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి పాప సంచిలో ఉంచమని తల్లిదండ్రులతో చెప్పండి. కంపెనీ మారితే పంపు రంగు కూడా మారుతుంది కాబట్టి, మందు పేరు కూడా పక్కనే రాయించాలి. బడిలో ఉంచిన పంపును బీరువాలో పెట్టి తాళం వేయకండి. దాని మీద ఉన్న గడువు తేదీని, లోపల మిగిలిన నొక్కుల లెక్కను నెలకొకసారి చూడండి.